బ్యాలెట్ పెట్టె చూడని క్యాంపస్ నుంచి వెళ్లి ఎన్నికల్లో నిలబడేవాళ్లకు

కాకతీయ యూనివర్సిటీ మొదలైంది 1976లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. అప్పుడు ఓటేసినవాళ్ల పిల్లలు కూడా చదువులు ముగించుకుని ఉద్యోగాల్లో చేరిపోయారు. యూనివర్సిటీ ఉన్న విద్యారణ్యపురి గోడల మీద సంఘాల పేర్లున్నాయి, జెండాలున్నాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ధర్నాలున్నాయి. బ్యాలెట్ పెట్టె ఒక్కటే లేదు. అందుకే మైకు పట్టుకుని అరగంట మాట్లాడగలిగే పిల్లలు మన దగ్గర ఎంతమందైనా దొరుకుతారు గానీ, నామినేషన్ ఫారం తప్పులేకుండా నింపేవాళ్లు, కౌంటింగ్ టేబుల్ దగ్గర ఏం అడగాలో తెలిసినవాళ్లు దొరకరు. నేర్పే సీనియర్ల వరుసే తెగిపోయింది.

హనుమకొండ, జనగామ, మంచిర్యాల, కరీంనగర్ వైపు నుంచి పీజీకి, పీహెచ్‌డీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్లేవాళ్లు అక్కడ మొదటిసారి క్యాంపస్ ఎన్నిక చూస్తారు. అధ్యక్ష, ఉపాధ్యక్ష, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, సాంస్కృతిక, క్రీడా కార్యదర్శి పదవులకు విద్యార్థులే నేరుగా ఓటేస్తారు. మన పిల్లలు అక్కడ మాట దగ్గర వెనకబడరు, కాగితం దగ్గర వెనకబడతారు. ఈ పోస్టు ఆ కాగితం గురించే.

ముందు లింగ్డో నిబంధనలు పూర్తిగా చదవండి. సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం విద్యార్థి సంఘ ఎన్నికల మీద మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన కమిటీ వేసింది. 2006 మేలో నివేదిక వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 22న దాన్ని అమలు చేయాలని కోర్టు ఆదేశించింది. యూనివర్సిటీ సొంత నియమావళి దీని మీద కట్టిందే గనుక రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. నామినేషన్ నుంచి ఫలితం దాకా మొత్తం 10 రోజులు మించకూడదు. విద్యా సంవత్సరం మొదలైన 6 నుంచి 8 వారాల మధ్య జరగాలి. అంటే నోటిఫికేషన్ వచ్చాక పని మొదలుపెట్టినవాడికి టైమే లేదు. క్లాసులు మొదలైన వారంలోనే మొదలుపెట్టాలి.

అర్హత దగ్గరే చాలామంది ఆగిపోతారు. డిగ్రీ వాళ్లకు 17 నుంచి 22 ఏళ్లు, పీజీకి గరిష్ఠంగా 24–25, పరిశోధక విద్యార్థులకు 28. పోటీ చేసే ఏడాది బ్యాక్‌లాగ్ ఉండకూడదు. హాజరు యూనివర్సిటీ చెప్పినంత లేదా 75 శాతం, ఏది ఎక్కువైతే అది. రెగ్యులర్ విద్యార్థి అయ్యుండాలి, దూరవిద్య పనికిరాదు. క్రిమినల్ రికార్డు గానీ యూనివర్సిటీ క్రమశిక్షణ చర్య గానీ ఉండకూడదు. ఇందులో వయసు నిబంధన అన్యాయమైనదని గట్టిగా చెప్తున్నా. ఇంటర్ తర్వాత మూడేళ్లు వ్యవసాయమో కూలో చేసి, మళ్లీ చదువుకు వచ్చినవాళ్లు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. హాస్టల్ కష్టం అందరికంటే బాగా తెలిసినవాళ్లనే ఈ గీత పోటీకి బయట ఉంచుతోంది. అయినా అది మారేదాకా పాటించక తప్పదు. పదో తరగతి మెమో తీసి, వయసును ఏ తేదీ నాటికి లెక్క కడతారో నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఒక్క రోజు తేడాతో ఫారం పోవచ్చు.

ఇంకొక నిబంధనను చాలామంది పట్టించుకోరు. ఆఫీస్ బేరర్ పదవికి, అంటే అధ్యక్ష, కార్యదర్శి లాంటి పదవులకు, పోటీ చేసే అవకాశం ఒక్కసారే. ఓడినా ఆ అవకాశం అయిపోయినట్టే. కార్యవర్గ సభ్యుడిగా అయితే రెండుసార్లు నిలబడొచ్చు. కాబట్టి క్యాంపస్‌లో అడుగుపెట్టిన ఏడాదే, దోస్తులు ఎగదోశారని అధ్యక్ష పదవికి దిగకండి. మొదటి ఏడాది కౌన్సిలర్‌గానో కార్యవర్గ సభ్యుడిగానో నిలబడి, ఇంకొకరి ప్యానెల్‌కు (కలిసి పోటీ చేసే జట్టుకు) పోలింగ్ ఏజెంటుగా కూర్చుని పని నేర్చుకోండి.

ఎన్నికలే లేని కాలేజీలో ఉన్నవాళ్లు ఏం చేయాలి? అక్కడా కొన్ని తలుపులున్నాయి. లైంగిక వేధింపుల నివారణ మీద యూజీసీ 2015 నిబంధనల ప్రకారం, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదుల కోసం అంతర్గత ఫిర్యాదుల కమిటీలో డిగ్రీ, పీజీ, పరిశోధన స్థాయిల నుంచి ఒక్కొక్కరు చొప్పున ముగ్గురు విద్యార్థులు ఉండాలి. వాళ్లను పారదర్శకంగా, ప్రజాస్వామికంగా ఎన్నుకోవాలి. ఇది నామినేట్ చేసే పదవి కాదు. మీ కాలేజీలో ఆ ముగ్గురు ఎవరు, ఏ తేదీన ఎన్నికయ్యారు, ఎంతమంది ఓటేశారు అని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు, తెల్లకాగితం మీద దరఖాస్తు, 30 రోజుల గడువు. ఒక్కో దరఖాస్తులో మూడు నాలుగు ప్రశ్నలకు మించొద్దు. "ఎందుకు ఎన్నికలు పెట్టలేదు" అని అడిగితే కారణాలు చెప్పాల్సిన పని లేదని తిప్పి పంపుతారు. "ఎన్నికలు వద్దని నిర్ణయించిన ఉత్తర్వు నకలు ఇవ్వండి" అని అడిగితే అది రికార్డు, ఇవ్వాల్సిందే. ఉంటే ఇస్తారు, లేకపోతే లేదని రాసిస్తారు. ఆ రెండోది మీ చేతిలో ఇంకా బలమైన కాగితం. యూనివర్సిటీలు, కాలేజీలు మామూలుగా ఎన్నికలు జరపాలనీ, నామినేషన్ పద్ధతి ఉన్నచోట ఐదేళ్లలో ఎన్నికల పద్ధతికి మారాలనీ లింగ్డో నివేదికే చెప్పింది. వినతిపత్రం రాసేటప్పుడు నినాదాలకు బదులు ఆ వాక్యాలు పెట్టండి.

మళ్లీ ఎన్నికలున్న క్యాంపస్‌కు వద్దాం. ముసాయిదా ఓటరు లిస్టు అతికించిన సాయంత్రమే మీ డిపార్ట్‌మెంట్ పేజీలు ఫోనులో ఫొటో తీసుకోండి. పేర్లు ఎక్కువగా జారిపోయేది మూడు చోట్ల: ఆలస్యంగా స్పాట్ అడ్మిషన్లలో చేరినవాళ్లు, కోర్సు మారి కొత్త రోల్ నంబరు వచ్చినవాళ్లు, ఫీజు కట్టినా రశీదు సిస్టంలో ఎక్కనివాళ్లు. వీళ్లను రోల్ నంబర్లతో రాసుకుని, ఒక్కొక్కరి చేత విడిగా అభ్యంతర పత్రం ఇప్పించండి. ముప్పై మంది సంతకాలతో ఒకే కాగితం ఇస్తే ఒక్క పేరులో తప్పున్నా మొత్తం పక్కన పెట్టే వీలుంది. ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు మీద సంతకం, ముద్ర, తేదీ, టైం వేయించుకోండి. చేర్పించిన ఓటరు మీకే వేస్తాడన్న హామీ లేదు. అయినా చేయండి, తన పేరు కోసం తిరిగినవాళ్లెవరో ఆ ఓటరుకు గుర్తుంటుంది.

నామినేషన్ ఫారాలు ఎప్పుడూ మూడు తీసుకోండి. ఒకటి పెన్సిల్‌తో నింపి చూసుకోవడానికి, ఒకటి అసలుకు, ఒకటి పాడైతే వాడటానికి. ఎక్కువగా తిరస్కరించేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, యూనివర్సిటీ ఐడీ కార్డులో వెనక్కి పోతుంది, ఓటరు లిస్టులో పొట్టి అక్షరం అయిపోతుంది. ఫారంలో ఓటరు లిస్టులో ఉన్నట్టే రాయండి, తేడా ఉంటే రెండూ ఒకరివేనని ధ్రువీకరణ జతచేయండి. ప్రతిపాదించేవాళ్లు, బలపరిచేవాళ్లు అదే పదవికి ఇంకొకరి ఫారం మీద కూడా సంతకం పెట్టారేమో అడిగి తెలుసుకోండి. మొహమాటానికి ఇద్దరికీ పెట్టేవాళ్లుంటారు, స్క్రూటినీలో, అంటే నామినేషన్ల పరిశీలనలో, రెండు ఫారాలూ ఇరుక్కుంటాయి. హాజరు ధ్రువీకరణ, బ్యాక్‌లాగ్ లేదన్న కాగితం, క్రమశిక్షణ చర్య లేదన్న కాగితం మూడు వేర్వేరు టేబుళ్ల దగ్గర వస్తాయి, మధ్యలో ఒక సంతకందారు సెలవులో ఉంటాడు. అందుకే వారం ముందే మొదలుపెట్టాలి. ప్యానెల్‌లో ఒకరి ఫారం పోతే నిలబెట్టడానికి, అన్ని కాగితాలున్న డమ్మీ అభ్యర్థి చేత కూడా నామినేషన్ వేయించి, స్క్రూటినీ అయ్యాక అవసరం లేకపోతే విత్‌డ్రా చేయించండి.

ఖర్చు పరిమితి ఒక్కో అభ్యర్థికి 5,000 రూపాయలు. పార్టీల డబ్బు వాడకూడదు, విద్యార్థులు స్వచ్ఛందంగా ఇచ్చిన చందాలే వాడాలి. పరిమితి దాటినా, లెక్క ఇవ్వకపోయినా గెలిచిన ఎన్నిక రద్దవుతుంది. నా అంచనా ఇట్లా ఉంటుంది, ధరలు షాపును బట్టి కొంచెం అటూ ఇటూ: చార్టులు 60కి 600, మార్కర్లు, రంగులకు 900, బ్రష్షులకు 200, మైదా, దారం, టేపుకు 250, ఓటరు లిస్టు, కాగితాల జిరాక్సుకు 500, తిరిగేవాళ్ల టీలకు 1,000, బస్సు చార్జీలకు 400. మొత్తం 3,850. మిగిలిన 1,150ని చివరి మూడు రోజులదాకా ముట్టుకోవద్దు. వాన పడితే పోస్టర్లు మళ్లీ రాయాల్సి వస్తుంది. ఎవరో దోస్తు రంగు డబ్బా ఊరికే ఇచ్చినా, దాని షాపు ధర వేసి చందా కింద రాయండి. పోటీదారులు వెతికేది అట్లాంటి రాయని డబ్బాలనే.

అచ్చు పోస్టర్లు, అచ్చు కరపత్రాలు నిషేధం. చేత్తో రాసినవే, ముందుగా ప్రకటించిన చోట్లలోనే పెట్టాలి. చేత్తో రాసిన కరపత్రాన్ని జిరాక్స్ తీయొచ్చా అన్నది యూనివర్సిటీ ఎన్నికల సంఘాన్ని రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతికొచ్చాకే తీయండి.

చేతి పోస్టరంటే తేలిగ్గా తీసుకుంటారు గానీ, తెలుగులో రాయడానికి లెక్క కావాలి. మామూలు చార్టు 22 అంగుళాలు, 28 అంగుళాలు. చుట్టూ రెండంగుళాల అంచు వదిలితే నిలువుగా రాయడానికి మిగిలేది 18 వెడల్పు, 24 ఎత్తు. పది పన్నెండు అడుగుల దూరం నుంచి నడుస్తూ చదవాలంటే అక్షరం మూడంగుళాలు ఉండాలి. తెలుగు అక్షరానికి కింద వత్తు వస్తుంది, పైన గుడి వస్తుంది. వాటికి వరుసల మధ్య ఇంకో రెండున్నర అంగుళాలు వదలాలి. అట్లా చూస్తే నాలుగు వరుసలు, వరుసకు ఆరు అక్షరాలు. మొత్తం ఇరవై నాలుగు. మీ నినాదం ఇరవై నాలుగు అక్షరాల్లో పట్టకపోతే అది పోస్టరుకు కాదు, మీటింగుకు. ఇంగ్లిష్ పోస్టరు చూసి అదే వరుస ఎడంతో తెలుగు రాసేవాళ్లు "విద్యార్థి"లో వత్తును పక్క వరుస నెత్తిన ఎక్కిస్తారు, దూరం నుంచి అది మరకలాగా కనిపిస్తుంది. ముందు పెన్సిల్‌తో గీతలు కొట్టండి, వత్తులకు విడిగా ఇంకో గీత కొట్టండి, బ్రష్ వెడల్పు అర అంగుళం ఉండేలా చూసుకోండి. పసుపు మీద నలుపు, తెలుపు మీద ముదురు ఎరుపు దూరం నుంచి బాగా తెలుస్తాయి. ఆకుపచ్చ మీద ఎరుపు సాయంత్రం పూట అసలు కనపడదు.

ఎన్నికలు వానాకాలంలో పడతాయి. స్కెచ్ పెన్ను సిరా, పోస్టర్ కలర్ రెండూ తడికి కారిపోతాయి. బయట పెట్టేవి పర్మనెంట్ మార్కర్‌తో రాయండి, పోస్టర్ కలర్‌వి వరండా లోపల పెట్టండి. అతికించడానికి గమ్ సీసాలు కొని డబ్బు పోగొట్టుకోవద్దు. వంద గ్రాముల మైదాను గ్లాసు చల్లటి నీళ్లలో ఉండ లేకుండా కలిపి, మరిగే లీటరు నీళ్లలో సన్నగా పోస్తూ తిప్పాలి. మైదాను నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కట్టి, చార్టు మీద బుడిపెలు లేస్తాయి. సన్నమంట మీద ఐదు నిమిషాలకు తెలుపు పోయి అద్దంలాగా మెరుస్తుంది, అప్పుడు దించాలి. పూర్తిగా చల్లారాకే రాయాలి, వేడి జిగురుకు చార్టు ముడతలు పడుతుంది. ఏ రోజుది ఆ రోజే వండండి, రెండో రోజుకు పులిసి పట్టు పోతుంది.

ఇక రూం టు రూం ప్రచారం. ఎంత పెద్ద సభ పెట్టినా ఓటు పడేది గది తలుపు దగ్గరే. 200 గదుల హాస్టల్‌కు గదికి నాలుగు నిమిషాలైతే 800 నిమిషాలు, అంటే పదమూడు గంటలు దాటుతుంది. ముగ్గురేసి మూడు జట్లయితే జట్టుకు నాలుగున్నర గంటలు, రాత్రి 8 నుంచి 10:15 దాకా రెండు రాత్రులు. పదిహేను మంది గుంపుగా ఒకే గదికి పోతే లోపలున్నవాడు మొహమాటానికి తల ఊపుతాడు, మనసులో మాట చెప్పడు. "అన్నా, రెండు నిమిషాలు" అని గడప బయటే నిలబడి పేరు, డిపార్ట్‌మెంట్, పోటీ చేసే పదవి చెప్పి, "మీ బ్లాకులో ముందు ఏది బాగుపడాలి" అని అడగండి. చెప్పింది వాళ్ల ముందే నోటుబుక్కులో గది నంబరుతో రాసుకోండి. నీళ్లు, మెస్ బిల్లు, లైబ్రరీ టైం, ఫెలోషిప్ ఆలస్యం, ఏది ఎన్ని గదుల్లో వినిపించిందో మర్నాడు లెక్కేస్తే మీ మ్యానిఫెస్టో వరుస అదే తేల్చుతుంది. అమ్మాయిల హాస్టళ్లకు జట్టులో అక్కాచెల్లెళ్లు లేకపోతే ఆ ఓట్లు ముందే వదులుకున్నట్టు. గేటు దగ్గర నిలబడి చేసే ప్రచారం గదిలో కూర్చుని మాట్లాడినదానికి సాటిరాదు. అమ్మాయిలను సంయుక్త కార్యదర్శి దగ్గరే ఆపకుండా అధ్యక్ష పదవికి నిలబెట్టే ప్యానెళ్లు ఇంకా ఎక్కువ రావాలి.

పోలింగ్ తేదీ చూసి ఊళ్లకు పోయేవాళ్ల లెక్క తీయండి. ఈ ఎన్నికలు వినాయక చవితికో బతుకమ్మకో దగ్గరగా పడతాయి. శుక్రవారం సాయంత్రం కాజీపేట బండి ఎక్కినవాళ్లు సోమవారం పొద్దున గానీ రారు. సోమవారం పోలింగ్ అయితే మీ జిల్లా ఓట్లే తక్కువ పడతాయి. వాళ్లకు టికెట్లు కొనివ్వడం, బండి పెట్టడం నిబంధనకు విరుద్ధం. ముందు వారమే అడిగి, ఆదివారం రాత్రికే రమ్మని మాట తీసుకోవడం ఒక్కటే దారి.

పోలింగ్ ముగిసే గంటకు ముందు 24 గంటలూ సభలు పెట్టకూడదు. పోలింగ్ కేంద్రానికి 100 మీటర్ల లోపల ప్రచారం కూడదు. పోలింగ్ రోజు నీళ్లు తప్ప తినేదీ తాగేదీ ఏదీ పంచకూడదు. ఒక్క బిస్కెట్ ప్యాకెట్ ఫొటో చాలు ఫిర్యాదుకు. ఏజెంటు పెట్టె ఖాళీగా ఉన్నప్పుడే వచ్చి చూడాలి, సీలు మీద సంతకం పెట్టాలి, బ్యాలెట్ల మొదటి నంబరు రాసుకోవాలి. చేతిలో ఓటరు లిస్టు, స్కేలు, పెన్సిల్ ఉండాలి. వచ్చినవాళ్ల పేరు కింద గీత, గంటకోసారి మొత్తం. మధ్యాహ్నానికల్లా ఏ డిపార్ట్‌మెంట్ రాలేదో దానివల్లే తెలుస్తుంది. ఐడీ ఫొటోకూ మనిషికీ పోలిక లేకపోతే గొంతు పెంచకుండా, బ్యాలెట్ చేతికివ్వకముందే అభ్యంతరం చెప్పాలి. పెట్టెలో పడ్డాక ఏ ఓటు ఎవరిదో తీయలేరు.

కౌంటింగ్‌లో మొదటి కట్ట విప్పకముందే ఒక మాట అడగండి: అనుమానపు ఓటును ఎట్లా తేలుస్తారు? టిక్కు రెండు పేర్ల మధ్య గీత మీద పడితే, రెండు టిక్కులుండి ఒకటి కొట్టేసి ఉంటే, కింద సంతకం పెట్టి ఉంటే? ఎవరి ఓట్లు ఎక్కువో తెలియకముందు చెప్పిన నియమాన్ని అందరూ ఒప్పుకుంటారు. తెలిశాక ఎవరూ ఒప్పుకోరు. తర్వాత, ఇచ్చిన బ్యాలెట్లెన్నో పెట్టెలో దొరికినవెన్నో సరిచూడాలి. 412 ఇస్తే 411 దొరికితే ఎవరో కాగితం జేబులో పెట్టుకుపోయారని రాసి ముందుకు పోవచ్చు. 413 దొరికితే మాత్రం అక్కడే ఆపాలి, రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. యాభై చొప్పున కట్టలు కడితే పైకాగితం చూసి నమ్మొద్దు, కట్ట మూల పట్టుకుని యాభైనీ తిప్పి చూడండి. ఒక ఓటు పక్క అభ్యర్థి కట్టలో పడితే తేడా ఒకటి కాదు, రెండు. మీకొకటి తగ్గి వాళ్లకొకటి పెరుగుతుంది. ఐదు ఓట్ల తేడాతో ఓడినచోట మూడు కాగితాలు తప్పు కట్టలో ఉంటే ఫలితమే తప్పు. రీకౌంట్ అడగాలంటే ఫలితాల షీటు మీద సంతకానికి ముందే, ఏ టేబుల్, ఏ కట్ట, ఎందుకు అని రాసి అడగాలి. రాత్రి రెండింటికి అలసిపోయి సంతకం పెట్టేసేవాళ్లే ఎక్కువ, అందుకే కౌంటింగ్‌కు పొద్దంతా నిద్రపోయి వచ్చిన ఏజెంట్లను పెట్టండి.

ఫిర్యాదు ఉంటే ఫలితం వచ్చిన మూడు వారాల్లోపు విద్యార్థి సంక్షేమ డీన్ అధ్యక్షతన ఉండే ఫిర్యాదుల పరిష్కార విభాగానికి ఇవ్వాలి. దాని నిర్ణయం నచ్చకపోతే సంస్థ అధిపతికి అప్పీలు చేసుకోవచ్చు. గెలిచినా ఓడినా రెండు వారాల్లో ఆడిట్ చేసిన లెక్క అప్పజెప్పాలి. ఓడినవాళ్లు ఇది వదిలేస్తారు, వదలొద్దు, తర్వాతి ఏడాది మీ ప్యానెల్ మీద అదే ఎత్తి చూపుతారు.

గోడలు శుభ్రం చేయడానికి ఉన్నది 48 గంటలు, ఆ బాధ్యత అభ్యర్థులందరిదీ కలిపి. చార్టును పొడిగా పీకితే సున్నం కూడా ఊడొస్తుంది. బకెట్ నీళ్లలో ముంచిన గుడ్డతో రెండుసార్లు తడిపి పది నిమిషాలు ఆగితే మైదా మెత్తబడుతుంది. అప్పుడు కింది మూల నుంచి పైకి లాగితే ఒక్క ముక్కగా వస్తుంది. మిగిలిన పొరను పెయింటర్లు వాడే పుట్టీ బ్లేడుతో పడుకోబెట్టి గీకండి, నిలబెట్టి గీకితే గోడకు గీతలు పడతాయి. శుభ్రం చేసిన గోడలను తేదీ కనిపించేలా ఫొటో తీసి, లెక్కల కాగితాలతో కలిపి ఇచ్చేయండి.